అద్దం కత్తిరించిన చేతులు

అద్దం గురించి మన సాహిత్యంలో ఉన్నదంతా చూసుకోవడం గురించే. అద్దం ముందు నిలబడ్డ స్త్రీని కవులు వర్ణించారు, సినిమావాళ్ళు చిత్రించారు, నీతిపరులు మందలించారు. స్త్రీవాదం వచ్చాక మనమూ అద్దాన్ని నిలదీశాం. అందులో కనిపించేది మన ముఖమా, మగవాడి చూపా అని అడిగాం. ఆ ప్రశ్న అవసరమైనదే. కానీ ఆ ప్రశ్నలో కూడా అద్దం గోడకి వేలాడుతూనే ఉంది, స్త్రీ దాని ముందు నిలబడే ఉంది. అద్దాన్ని ముక్కలుగా ఒడిలో పోసుకుని, కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, గుడ్డకి కుట్టి ఒంటిమీద వేసుకున్న స్త్రీలున్నారు. వాళ్ళకి అద్దం ఒక పని. ఆ పనికి చరిత్ర ఉంది. ఆ చరిత్ర రాసుకునేటప్పుడు ఎవరి చేతులు లెక్కలోకి వచ్చాయి, ఎవరివి రాలేదు అన్నది ఈ వ్యాసం విషయం.

ఈ విషయాన్ని దేవరయాంజాల్ నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. హైదరాబాదుకి ఉత్తరాన, ఇటు మేడ్చల్ మీదుగా పోయే నాగపూర్ రోడ్డుకీ, అటు శామీర్‌పేట మీదుగా పోయే కరీంనగర్ రోడ్డుకీ మధ్యన ఉన్న ఊరది. అక్కడి సీతారామచంద్రస్వామి ఆలయానికి చెందినవిగా చెప్పే 1,521 ఎకరాల భూముల్లో గోదాములూ ఇతర కట్టడాలూ లేచాయన్న ఆరోపణల మీద 2021 మే నెలలో ప్రభుత్వం నలుగురు ఐ.ఏ.ఎస్. అధికారులతో కమిటీ వేసింది. ఊరి పేరు పత్రికల్లో మారుమోగింది అప్పుడే. ఇలాంటి వార్తల్లో సర్వే నంబర్లుంటాయి, ఎకరాలుంటాయి, నాయకుల పేర్లుంటాయి. ఆ గోదాముల పునాదుల్లో మట్టి ఎత్తిన ఆడవాళ్ళు ఉండరు.

నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఈ ఉత్తర శివారులో పొలాలూ ద్రాక్షతోటలూ తగ్గాయి. ఫంక్షన్ హాళ్ళు, వెంచర్లు, ముందు గోడంతా అద్దమే అయిన ఆఫీసులు పెరిగాయి. ఈ కట్టడాల మీద కూలికి వచ్చే ఆడవాళ్ళలో లంబాడీలు చాలామంది. వయసు పైబడినవాళ్ళ ఒంటిమీద ఇంకా అక్కడక్కడా అద్దాల కుట్టు కనిపిస్తుంది. చిన్నవాళ్ళు చీరకట్టి, దానిపైన మగవాళ్ళ ఫుల్ షర్టు వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని పనిలోకి దిగుతారు. నాలుగంతస్తుల అద్దం ముందు రూపాయి బిళ్ళంత అద్దాలు కుట్టుకున్న మనిషి ఇసుక జల్లెడ పడుతుంటుంది. ఆ రెండు అద్దాల మధ్య దూరం ఎంతో తెలుసుకోవాలంటే మనం కొంచెం వెనక్కి పోవాలి.

గాజు అద్దం మనం అనుకున్నంత పాతది కాదు. మనదేశంలో శతాబ్దాల తరబడి అద్దమంటే మెరుగుపెట్టిన లోహమే. కేరళలోని ఆరన్ముళలో ఆ పద్ధతి ఇంకా బతికి ఉంది. యూరపులో వెనిస్ పక్కనున్న మురానో దీవి గాజుపనివాళ్ళు మంచి అద్దాలకి పేరు తెచ్చుకున్నారు. గాజు పలక వెనక తగరం రేకూ పాదరసమూ పట్టించి ఆ అద్దాలు చేసేవారు. పాదరసం ఆవిరి పీల్చిన కార్మికుల చేతులు వణికేవి, పళ్ళు ఊడేవి, మతి చలించేది. జర్మనీలో ఫ్యూర్త్, ఎర్లాంగెన్ పట్టణాల అద్దాల కార్మికులని పరీక్షించి అడాల్ఫ్ కుస్మౌల్ అనే వైద్యుడు 1861లో పాదరస విషం మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఇంకోవైపు యూస్టస్ ఫాన్ లీబిగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1835లో వెండి ద్రావణంతో గాజుకి పూత పట్టించే దారి చూపించాడు. ఆ శతాబ్దం రెండో సగంలో ఆ పద్ధతి కార్ఖానాలకెక్కి, పాదరసాన్ని క్రమంగా పక్కకి తోసింది. ఇవాళ మన బీరువా తలుపుకున్న అద్దం ఆ వెండిపూత సంతతే.

పుస్తకాల్లో దొరికే అద్దం చరిత్ర ఇక్కడికి అయిపోతుంది. కార్ఖానా, కనిపెట్టినవాడు, పేటెంటు. అద్దం తయారయ్యాక దాని కథ ముగిసినట్టే. పగిలిన అద్దం ఏమైంది, ముక్కల్ని ఎవరు తీసుకున్నారు, వాటితో ఏం చేశారు అన్నది చరిత్రలోకి రాదు. అది ఇంటిపని కిందికి పోతుంది. ఇంటిపనికి చరిత్ర ఉంటుందని ఒప్పించడానికి మనకి ఎంతకాలం పట్టిందో మనకే తెలుసు.

పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. దరిద్రం అంటారు, అశుభం అంటారు. అదే నోటితో ఒకప్పుడు అగ్రకులాల ఇళ్ళలో భర్త పోయిన స్త్రీకి అద్దం వద్దన్నారు. బొట్టు లేని ముఖానికి అద్దమెందుకు అన్నారు. నిండు అద్దం ముత్తయిదువది. పగిలిన అద్దం వీధిది. వీధిలోకి పోయిన వస్తువు ఎవరో ఒకరికి పనికొస్తుంది. ఒక కులం శుభాశుభాల లెక్కలో చెత్త అయినది ఇంకొక సమూహపు స్త్రీల చేతిలో నగ అవుతుంది. అయితే ఇదంతా చెత్త ఏరుకున్న కథ అనుకుంటే పొరపాటు. కుట్టుకి కావలసిన అద్దం కోసం ప్రత్యేకంగా గాజు తయారు చేసిన ఊళ్ళున్నాయి.

గుజరాత్‌లో ఖేడా జిల్లా కపడ్‌వంజ్ అలాంటి ఊరు. అక్కడి గాజుపనివాళ్ళు పలుచని గాజుని పెద్ద బుడగలాగా ఊదేవారు. ఆ బుడగ లోపలివైపుకి మెరిసే పూత పట్టించేవారు. తర్వాత బుడగని పగలగొట్టి పెంకుల్ని అమ్మేవారు. ఇంతవరకూ కొలిమి దగ్గరి మగవాళ్ళ పని. పెంకు ఇంటికొచ్చాక ఆడవాళ్ళ పని మొదలయ్యేది. ప్రత్యేకమైన కత్తెరతో అంచులు కొద్దికొద్దిగా కొరుక్కుంటూ, తిప్పుకుంటూ, పెంకుని బిళ్ళగా తెచ్చేవారు. గాజు అద్దాలు అందక ముందు, అందని చోట్ల, అభ్రకం ముక్కలు కుట్టుకున్నారని కుట్టుపని చరిత్రలో చెబుతారు. అభ్రకం అంటే మనకి దూరపు వస్తువేం కాదు, నెల్లూరు జిల్లా గూడూరు గనుల్లోంచి ప్రపంచమంతా పోయిందే.

కత్తెరతో గాజు కత్తిరించడమేమిటని ఆశ్చర్యం వేస్తుంది. గాజుని నిజానికి ఎవరూ గుడ్డలాగా కొయ్యలేరు. గాజుపని చేసేవాళ్ళు గాజు మీద సన్నని గీత గీసి, ఆ గీత వెంట విరుస్తారు. గీత గీయడానికి యూరపులో చాలాకాలం వజ్రపు మొన వాడారు. 1869లో అమెరికాలో శామ్యూల్ మాన్స్ ఉక్కు చక్రమున్న కట్టర్ తయారు చేశాక ఆ పని చవకైంది. ఇవాళ గాజు షాపులో కుర్రాడి చేతిలో ఉండేది దాని వారసుడే. పెంకుని కత్తెరతో బిళ్ళ చేసే స్త్రీ పద్ధతి వేరు. ఆమె అంచుని నలుసు నలుసుగా విరుచుకుంటూ పోతుంది. గాజు పలుచన కాబట్టి అది సాధ్యం. గాజుని తడిపిగానీ నీళ్ళలో ముంచిగానీ కత్తిరిస్తే పని తేలికవుతుంది, నలుసులు ఎగరవు. గాజులో పగులు కొసన ఉండే రసాయన బంధాన్ని నీరు బలహీనపరుస్తుందని ఇరవయ్యో శతాబ్దపు పదార్థ శాస్త్రం వివరించింది. శాస్త్రం కారణం చెప్పడానికి చాలా ముందే చేతులకి ఆ ఫలితం తెలుసు. దీన్ని మనం 'సంప్రదాయ నైపుణ్యం' అని ఒక మాటతో తేల్చేస్తాం. అదే పని ఒక ప్రయోగశాలలో మగవాడు కనిపెట్టి ఉంటే దానికి అతని పేరు ఉండేది.

బుడగలోంచి వచ్చిన పెంకు కొద్దిగా ఉబ్బుగా ఉంటుంది. ఉబ్బు అద్దంలో బొమ్మ చిన్నదిగా, విశాలంగా కనిపిస్తుంది. వెలుతురు ఒకే దిక్కుకి పోకుండా చెదురుతుంది. అందుకే పాత అద్దాల కుట్టు నడుస్తుంటే అలలాగా మెరుస్తుంది. ఇప్పుడు పొట్లాల్లో దొరికే మిషను కటింగు బిళ్ళలు చదునుగా ఉంటాయి, తళుక్కున మెరిసి ఆరిపోతాయి. ఆ తేడా ఒంటిమీద వేసుకున్నవాళ్ళకీ, ఎదురుగా చూసినవాళ్ళకీ తెలుస్తుంది.

పడమటి ఇసుక నేలల్లో పెరిగిన ఈ అలంకారానికీ తెలంగాణ తండాకీ చుట్టరికం ఎద్దుల బిడారులతో కలిసింది. లంబాడీలు, బంజారాలు, సుగాలీలు అని రకరకాలుగా పిలిచే ఈ ప్రజలు తమని తాము గోర్ అని చెప్పుకుంటారు. వాళ్ళ గోర్ బోలీకి రాజస్థానీ భాషలతో దగ్గరితనం ఉంది. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు వాళ్ళు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకి వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. దక్కను మీదికి వచ్చిన సైన్యాలకి తిండిగింజలు మోసింది ఈ బిడారులే. 1874లో నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకి రైలు నడిచింది. రైలు వచ్చినచోటల్లా ఎద్దుల వర్తకం దెబ్బతిన్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచార జాతుల మీద దొంగల ముద్ర వేసింది. ఆ ముద్ర దేశంలో చాలాచోట్ల లంబాడీల మీదా పడింది. తిరిగే దారులు మూసుకుపోయాక తండాలు స్థిరపడ్డాయి. తెలంగాణ లంబాడీలకి షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976 నాటి చట్టంతో వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో వాళ్ళు 20 లక్షల పైచిలుకు, రాష్ట్రంలోని షెడ్యూల్డు తెగల్లోకెల్లా పెద్ద సమూహం.

ఇంత తిరుగుడులో స్త్రీలు తమతో తెచ్చుకున్న ఆస్తి ఒంటిమీదే ఉంది. ఫేట్యా అనే గాగరా, వీపు తెరిచి ఉండే కాంచళి, తలమీంచి దిగే టుక్రీ. వాటి నిండా అద్దాలు, గవ్వలు, నాణేలు, ఊలు కుచ్చులు. ఇల్లు కదిలే జీవితంలో గోడ లేదు, గోడ లేనప్పుడు గోడకి అద్దమూ ఉండదు. అద్దం మనిషితో నడవాలంటే ఒంటిమీదే ఉండాలి. అయితే గుండెల మీదా భుజాల మీదా కుట్టిన అద్దంలో ఆ స్త్రీ తన ముఖం చూసుకోలేదు. అందులో పడేది ఎదురొచ్చినవాడి ముఖం. దిష్టి తగలకుండా అని కొందరంటారు, అడవి జంతువులు బెదరడానికని కొందరంటారు. ఏ కారణం తీసుకున్నా దిశ ఒకటే. చూపు బయటినుంచి వస్తుంది, అద్దం దాన్ని వెనక్కి పంపిస్తుంది. మన సాహిత్య చర్చల్లో 'చూపు' గురించి ఎన్నో సిద్ధాంతాలు చదివాం. ఈ గుడ్డ ఆ చర్చకి బయట ఎందుకుండిపోయిందో మనల్ని మనం అడగాలి.

అద్దానికి పూసకున్నట్టు రంధ్రం ఉండదు. దాన్ని గుడ్డకి అంటించి ఉంచేది దారం అల్లిక ఒక్కటే. ముందు అద్దం మీదుగా రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా వేసి చౌకం కడతారు. దానిమీద మూలల వైపు ఇంకో చౌకం వేస్తారు. తర్వాత ఆ దారాల్ని సూదితో పట్టుకుని బయటికి లాగుతూ చుట్టూ కాజా కుట్టులాంటి కుట్టు నడుపుతారు. లాగేకొద్దీ మధ్యలోని దారాలు అంచుకి జరిగి అద్దం బయటపడుతుంది. దారం వదులైతే అద్దం జారిపోతుంది. మరీ బిగిస్తే దారం గాజు అంచుకి తెగుతుంది. అంచు సరిగా నూరకపోతే నాలుగు ఉతుకుల్లో కుట్టు ఊడిపోతుంది. అంటే కత్తిరించే పనీ కుట్టే పనీ వేరువేరు కావు. కత్తెర పట్టిన చేతికి సూది సంగతి తెలిసి ఉండాలి.

ఈ జ్ఞానాన్ని పుస్తకాల్లోకి ఎక్కించినవాళ్ళు ఏం చూశారు? 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం నాలుగో సంపుటంలో లంబాడీల గురించి పొడుగాటి అధ్యాయం ఉంది. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యపు కులాలూ తెగల మీద పుస్తకం ప్రచురించాడు. ఇలాంటి గ్రంథాల్లో స్త్రీల వేషం తెగని గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు. జాతిని వర్గీకరించే చూపుకి ఆ గుడ్డ ఒక లక్షణంగా కనిపించింది, ఎవరో కూర్చుని నెలల తరబడి చేసిన పనిగా కనిపించలేదు. స్వాతంత్ర్యం తర్వాత ఎంపోరియాలు వచ్చాయి, ఆనవాలు కాస్తా 'హస్తకళ' అయింది. గాగరా ముక్కలు సంచులయ్యాయి, దిండు గలీబులయ్యాయి, గోడకి వేలాడే బొమ్మలయ్యాయి. ఒంటిమీదినుంచి దిగిన అద్దం మళ్ళీ గోడకెక్కింది, ఈసారి ఇంకొకరి గోడకి.

ఈ విషయంలో తెలుగు నేల మీద మనకొక గట్టి పాఠం ఇదివరకే ఉంది. మరియా మీస్ పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారు చేస్తున్న స్త్రీలని గృహిణులుగా, వాళ్ళ పనిని తీరిక వేళల కాలక్షేపంగా చూపించడం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువగా ఉంచడం సాధ్యమైందని ఆమె చూపించింది. పనిచేసే చోటు ఇల్లు కావడంతో పని కనిపించకుండా పోయింది. అద్దం కత్తిరించే పనికీ ఇది అక్షరాలా వర్తిస్తుంది. వేలికి గుచ్చుకున్న గాజు నలుసు కార్ఖానాలో అయితే ప్రమాదం, ఇంట్లో అయితే అజాగ్రత్త. అద్దం వెనక పూతలో, రంగులో ఏముందో కార్మికుడికి చెప్పే చట్టాలున్నాయి. పాతకాలపు అద్దాల వెనకరంగులో సీసం ఉండేది. పెరట్లో కూర్చుని ఆ అంచు నూరే స్త్రీకీ, పక్కనే ఆడుకునే ఆమె బిడ్డకీ చెప్పేవాళ్ళు లేరు. ఇంటివద్ద పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. అహ్మదాబాదులో 1972లో పుట్టిన సేవా సంస్థ స్త్రీలు దానికోసం ఏళ్ళ తరబడి పోరాడారు. మనదేశం దాన్ని ఆమోదించలేదు.

నగరం నడిబొడ్డున, చార్మినారు పక్కన లాడ్‌బజారులో, ఇదే అద్దం ఇంకో రూపంలో ఉంది. లక్కని కరిగించి, సాగదీసి, గాజులుగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్ళూ అద్దపు తునకలూ వరసగా పొదుగుతారు. పొదిగే పని చాలావరకు పాతబస్తీ ఇళ్ళలో, చిన్న గదుల్లో జరుగుతుంది. ఈ లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నరసాపురం లేసుకీ అదే ఏడు వచ్చింది. సరిహద్దుకి అవతల కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకి 2010లోనే వచ్చింది. అక్కడ 1980ల నుంచి ఒక కేంద్రం స్త్రీలతో ఈ పని చేయిస్తూ ఉంది కాబట్టి కుట్ల పేర్లయినా నమోదయ్యాయి. కిలన్, వేలె, బక్యా, మాకి, రేలో, నక్రా, ఇలా పద్నాలుగు రకాలు. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 పనులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. వార్త ఆ అంకెలతోనే ఊళ్ళకి చేరింది. భౌగోళిక గుర్తింపు ఊరికి పేరు ఇస్తుంది, సరుకుకి పేరు ఇస్తుంది. కుట్టిన మనిషికి గంటకి ఎంత కూలి పడుతుందో అది చెప్పదు.

ఇక్కడ ఇంకొక వైపు కూడా చూడాలి. నగరపు అపార్టుమెంట్లలో మధ్యతరగతి స్త్రీలు పాత అద్దాల్ని ముక్కలు చేసి పూలకుండీలకి, ఫ్రేములకి, దీపాలకి అతికిస్తున్నారు. పిల్లలకి బడిలో 'బెస్ట్ ఔటాఫ్ వేస్ట్' అని ప్రాజెక్టులిస్తున్నారు. గాజు కట్టరు ఆన్‌లైనులో దొరుకుతుంది, ఎలా కొయ్యాలో వీడియోలున్నాయి. వీటిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. రోజంతా వేరేవాళ్ళ పనులకి అరిగిపోయే స్త్రీకి తన చేతులతో తనకి నచ్చింది చేసుకునే గంట ఎంత విలువైనదో మనకి తెలుసు. రోజికా పార్కర్ 1984లో కుట్టుపని మీద రాసిన పుస్తకంలో సూది స్త్రీని అణకువ నేర్పి కూర్చోబెట్టిందనీ, ఆ సూదితోనే స్త్రీ తన మాట చెప్పుకుందనీ రెండూ చెప్పింది. కానీ ఒకే పని ముగ్గురి చేతుల్లో మూడు పేర్లు తెచ్చుకోవడం గమనించాలి. అపార్టుమెంటులో అది హాబీ. పాతబస్తీలో అది డజను లెక్కన కూలి. తండాలో అది సంస్కృతి. హాబీకి మెప్పు దక్కుతుంది, కూలికి రేటు ఉంటుంది, ఎంత తక్కువైనా. సంస్కృతికి మాత్రం చప్పట్లే. దాన్ని కాపాడుకోవలసిన బరువు మాత్రం ఆమె భుజాల మీదే ఉంటుంది.

ఆ బరువు మాటవరసకి అన్నది కాదు. అద్దాలు, నాణేలు, లోహపు నగలు కలిస్తే ఆ దుస్తులు కిలోల బరువు. దాంతో కిక్కిరిసిన బస్సెక్కడం, ఎండలో కాంక్రీటు తట్ట మొయ్యడం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. దానికితోడు బడిలో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో ఆ వేషాన్ని బట్టి వచ్చే వెక్కిరింతలు. ఆ మాటలు పడలేక, పడనవసరం లేదనుకుని, చాలామంది లంబాడీ స్త్రీలు చీరకీ పంజాబీ డ్రస్సుకీ మారారు. ఇప్పుడు అద్దాల బట్ట తీజ్ పండుగకీ, సేవాలాల్ జయంతికీ, బడి వార్షికోత్సవంలో పిల్లల నాట్యానికీ బయటికొస్తుంది. 'అయ్యో, కళ పోతోంది' అని మనం బాధపడతాం. ఆ బాధలో ఎవరి సుఖం ఉంది? మనం పట్టుచీరని పెళ్ళిళ్ళకి దాచుకుని నూలు చీరలో ఉద్యోగానికి పోతే దాన్ని ఎవరూ కళ చచ్చిపోవడం అనరు. లంబాడీ స్త్రీ ఒంటినే మ్యూజియంగా ఉంచుకోవాలని కోరే హక్కు మనకి లేదు.

ఆ బట్టలో స్వేచ్ఛ ఒక్కటే ఉందని చెప్పడమూ అబద్ధమే అవుతుంది. ఏ నగ పెళ్ళికానిది, ఏది పెళ్ళయినది అన్న లెక్క అక్కడా ఉంది. భర్త చనిపోతే మోచేతి పైన వేసుకున్న గాజులు తీసెయ్యాలన్న ఆచారం అక్కడా ఉంది. ఆడపిల్ల పుట్టినప్పటినుంచీ తల్లి కూర్చుని కుట్టేది అత్తింటికి పంపే సారెలో భాగమే. నీళ్ళ బిందె కింద పెట్టుకునే చుట్టకుదురుకి, దాని వెనక వేలాడే గుడ్డకి కూడా అద్దాలు కుడతారు. నీళ్ళు మోసే చాకిరీ అలాగే ఉంటుంది, దానికి అందం అద్దుకుంటారు. పితృస్వామ్యం తండా పొలిమేరలో ఆగిపోలేదు. ఆ గుడ్డలో బంధనమూ ఉంది, పంతమూ ఉంది, పనితనమూ ఉంది. మూడింటినీ కలిపి చదవడం మనకి చేతకావాలి.

పెళ్ళయి అత్తింటికి పోతూ పెళ్ళికూతురు ఏడుస్తూ పాడే పాటని గోర్ బోలీలో ఢావ్లో అంటారు. ఆ పేరుతోనే వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. లిపి లేని భాషలోంచి తెలుగులోకి తండా నడిచి వస్తున్న కాలమిది. పాట పుస్తకమైంది. కుట్టు ఇంకా కాలేదు. తెలంగాణ తండాల్లో ఏ కుట్టుని ఏమంటారు, అద్దం ఎక్కడినుంచి తెచ్చేవారు, ఏ సంత, ఎంత ధర, కత్తెర ఎవరు చేసి ఇచ్చేవారు, అంచు దేనిమీద నూరేవారు, ఒక కాంచళికి ఎన్ని రోజులు పట్టేది, ఈ ప్రశ్నలకి జవాబులు ఇవాళ డెబ్భై, ఎనభై ఏళ్ళ స్త్రీల దగ్గరున్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసింది. తుపాకి పట్టిన స్త్రీల చరిత్రని అలా వినడం నేర్చుకున్నాం. కత్తెర పట్టిన స్త్రీల చరిత్రని కూడా అదే పద్ధతిలో వినవచ్చు.

దానికి మొదట రావలసింది తండాలోంచి వచ్చి చదువుకున్న ఆడపిల్లలు. విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకి చేరుతున్న లంబాడీ అమ్మాయిలకి అమ్మమ్మ పనిని అంశంగా తీసుకోవచ్చని చెప్పే అధ్యాపకులు కావాలి. ఆ పనికి ఫెలోషిప్పు కావాలి. ఎంపోరియంలోనైనా మ్యూజియంలోనైనా గుడ్డ పక్కన పెట్టే చీటీ మీద 'లంబాడీ కుట్టు, నూలు, అద్దం' అని రాసి ఊరుకోకుండా, ఆమె ఒప్పుకుంటే కుట్టినామె పేరూ, తండా పేరూ, ఆమెకి ముట్టిన డబ్బూ రాయించాలి. ఇంటివద్ద పని చేసే స్త్రీల కూలి రేట్ల కోసం జరిగే ప్రతి పోరాటంలో గాజు కోసే చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు అడగాలి.

దేవరయాంజాల్ నుంచి శామీర్‌పేట దాకా లేస్తున్న కొత్త కట్టడాల అద్దాల వెనక ఏ కంపెనీ ఉందో బోర్డు చెబుతుంది. వాటికి అద్దం ఎక్కించాక మిగిలిన ముక్కలు సంచుల్లో తుక్కు కొట్టుకి పోతాయి. ఆ సంచుల్ని ఎత్తేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళలో ఎవరి అమ్మమ్మకో తడి గాజుని కత్తెరతో గుండ్రంగా ఎలా తిప్పాలో తెలుసు. మనం వెళ్ళి అడగాల్సింది ఆమెని. ఆలస్యం చేయడానికి అట్టే వ్యవధి లేదు.